డాక్టరమ్మ గారి కణాల పెంపకం

ఆ వీధిలో ఆవిడను అందరూ డాక్టరమ్మ అంటారు. ఆ పిలుపు వల్ల ఆవిడకు దక్కిన గౌరవం కంటే పడ్డ తిప్పలే ఎక్కువ. కింది వాటాలో ఎవరికి దగ్గొచ్చినా పైకొచ్చి తలుపు తడతారు. ఎదురింటి పెద్దాయన మెట్ల దగ్గర ఆపి, పంట్లాం మడిచి, మోకాలు చూపించి "ఇదిగో, సరిగ్గా ఇక్కడ" అంటాడు. తను ఆ రకం డాక్టరు కాదనీ, పరిశోధన చేసి తెచ్చుకున్న పట్టా వల్ల ఆ పేరు వచ్చిందనీ, మందు రాసిచ్చే హక్కే తనకు లేదనీ ఆవిడ ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉంది. వీధి శ్రద్ధగా వింటుంది, తల ఊపుతుంది, మర్నాడు మళ్ళీ మోకాలు చూపిస్తుంది.

వీధిదాకా ఎందుకు, ఇంట్లోనే ఆ సంగతి ఎక్కలేదు. అత్తగారికి ఎనభై దాటాయి. చెవులు భేషుగ్గా పనిచేస్తాయి, నోరు అంతకంటే భేషుగ్గా పనిచేస్తుంది. కోడలు చేసే ఉద్యోగం ఏమిటో ఏటా ఓసారి అడిగి తెలుసుకోవడం ఆవిడకు అలవాటు.

"ఇంతకీ ఆ ఆసుపత్రిలో నువ్వు చేసేదేమిటే?"

"కణాలు పెంచుతానత్తయ్యా."

"ఎవరివి?"

"జబ్బు మనుషులవి. వాళ్ళ రక్తంలోంచి తీసి, పెంచి, మళ్ళీ వాళ్ళకే ఎక్కిస్తాం."

"వాళ్ళవి వాళ్ళకిచ్చేదానికి ఇంత చదువెందుకే," అని అత్తగారు నిట్టూరుస్తారు. ఆ ఏటికి ఆ ముచ్చట ముగుస్తుంది.

చదువు ఎందుకంటే, రక్త క్యాన్సరు కణాలు బయటినుంచి వచ్చినవి కావు. ఒంట్లోనే పుట్టి, సొంతవాళ్ళలాగే తిరుగుతుంటాయి. రక్తంలో కాపలా కాసే తెల్లకణాలు వాటిని చూసి కూడా మనవాళ్ళే కదా అని పక్కనుంచి పోతాయి. డాక్టరమ్మ చేసే పని ఆ కాపలా కణాలను బయటికి తీసి, వాటికో కొత్త జన్యువు ఎక్కించి, ఫలానా గుర్తున్న కణం ఎదురైతే వదలొద్దని నేర్పడం. తరవాత వెచ్చటి పెట్టెలో పెట్టి, పోషక ద్రవం పోసి, సంఖ్య పెంచి, ఆ మనిషి ఒంట్లోకే తిరిగి పంపడం. మామూలు మందులన్నీ చేతులెత్తేసిన వాళ్ళకు ఇదే ఆఖరి ఆశ.

ఇక ఆవిడ గురించి చెప్పాలంటే, మనిషి బంగారం. కాకపోతే చేతిలో ఉన్నదాన్ని వదిలిపెట్టడం ఆవిడకు చేతకాదు. బంగాళదుంపలు పొయ్యి మీద పెడితే ఉడికాయో లేదో అని మూత తీస్తుంది, గరిటెతో పొడుస్తుంది, ఇంకాస్త ఉడకనీ అంటుంది. మళ్ళీ మూత, మళ్ళీ గరిటె. కంచంలోకి వచ్చేసరికి అవి దుంపలని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. ఊరికెళ్ళాలంటే సర్దిన పెట్టె విప్పి మళ్ళీ సర్దుతుంది. చుట్టాలకు రాసిన శుభాకాంక్షల కార్డులు బాగా లేవని దిద్దీ దిద్దీ, శుభకార్యం అయిపోయాక పోస్టు చేస్తుంది. భర్తకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. అద్దాలు అరగదీసేవాడికి ఎక్కడ ఆపాలో బాగా తెలుసు గనక ఆయన ఈ విషయంలో భార్యను ఏడిపించకుండా ఉండలేడు.

"దీన్ని నా దుకాణంలో కూర్చోబెడితే కళ్ళజోడంతా ఫ్రేమే ఉంటుందమ్మా, అద్దం ఉండదు," అని తల్లితో అంటాడు. తల్లీకొడుకులిద్దరూ కడుపారా నవ్వుకుంటారు. ఆవిడ విననట్టు కూర మూత తీసి చూస్తుంది.

విచిత్రమేమిటంటే, ఈ మనిషే పరిశోధనలో తేల్చింది మాత్రం, ఎక్కువ రోజులు పెంచకూడదని. పాత పద్ధతిలో కణాలను రోజుల తరబడి పెట్టెలో ఉంచి, లెక్కకు బోలెడన్ని తయారుచేసి పంపేవారు. అవి సంఖ్యకు ఘనంగానే ఉండేవి గానీ, పెరిగి పెరిగి అలసిపోయి ఉండేవి. రోగి ఒంట్లో కొన్నాళ్ళు పోరాడి చతికిలబడేవి. తొందరగా తీస్తే తక్కువే ఉంటాయి, కానీ పడుచుగా ఉంటాయి, లోపలికి వెళ్ళాక అక్కడే పెరుగుతాయి, ఎక్కువకాలం నిలబడతాయి అని డాక్టరమ్మ ఎలుకల మీద ఏళ్ళ తరబడి పనిచేసి నిరూపించింది. ఆ రంగంలోని పెద్దల సమావేశంలో నిలబడి, "మనం వాటిని ముద్దు చేసి పాడుచేస్తున్నాం. ఎదగాల్సిన చోటు పెట్టె కాదు, మనిషి," అని గట్టిగా వాదించింది. ఆ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు భర్త అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "ఆ మాట అన్నది నువ్వేనా?" అని అడిగాడు.

అలా చివరికి కొత్త పద్ధతిని మనుషుల మీద ప్రయత్నించడానికి అనుమతి వచ్చింది. మొట్టమొదటి రోగి ఒక బస్సు డ్రైవరు.

డాక్టరమ్మ రోగులను చూడదు. చూడకూడదని ఆవిడే పెట్టుకున్న నియమం. పెట్టెలోకి వచ్చే సంచీ మీద అంకెలే ఉంటాయి, ఆవిడకు అవే చాలు. కానీ వార్డు డాక్టరుకు ఫోనులో కబుర్లు చెప్పందే పొద్దుపోదు. మనిషి బస్సు నడిపేవాడనీ, రెండుసార్లు మందులు వాడినా జబ్బు తిరగబెట్టిందనీ, ఇప్పుడు ఇంకో మందుతో దాన్ని ఎలాగో అణిచిపెట్టి ఉంచామనీ, ఎక్కువ రోజులు ఆగదనీ ఆయన చెప్పేశాడు. "మేడమ్, మీ పద్ధతిలో తొందరగా అవుతుందనే ఈయన్ను ఎంచుకున్నాం," అని కూడా అన్నాడు.

డ్రైవరు కణాలు వచ్చాయి. కొత్త జన్యువు బాగానే ఎక్కింది. ఎన్ని రోజులు ఉంచాలో, కనీసం ఎన్ని కణాలు ఉంటే పంపవచ్చో డాక్టరమ్మే నిర్ణయించింది. ఆ రోజు వచ్చింది. లెక్కపెడితే కణాలు ఆవిడ గీసిన ఆ గీతకు కొద్దిగా పైనే ఉన్నాయి.

"ఇంకొక్క రోజు ఉంచుదాం," అంది డాక్టరమ్మ.

ఆ ల్యాబులో తనిఖీ అధికారి ఒకాయన ఉన్నాడు. ఆయన సరేనంటేగానీ అక్కడినుంచి చుక్క కూడా బయటికి పోదు. నవ్వాలన్నా నియమావళి చూసుకునే రకం. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "మేడమ్, గీత మీరే గీశారు. గీత దాటాయి కదా," అన్నాడు.

"దాటాయి గానీ, అంచు మీదున్నాయి."

"అంచు మీద ఉన్నా దాటినట్టేనండీ."

ఆవిడ నీళ్ళు నమిలింది. మొదటి మనిషి కదా, జాగ్రత్తగా ఉండాలి కదా అంది. అసలు కారణం వేరే ఉంది, అది ఆయనకూ తెలుసు. కొన్నేళ్ళ కిందట ఒక స్కూలు టీచరు కణాలు ఎంతకీ పెరగకపోతే, ఉన్నవాటినే పంపించారు. అవి పనిచేయలేదు. ఆ టీచరు పోయింది. అవి తక్కువై పనిచేయలేదో, మరెందుకో ఎవరూ తేల్చలేదు. ఎలుకల విషయంలో ఎంత నిబ్బరంగా వాదించినా, మనిషి అనేసరికి డాక్టరమ్మకు తక్కువ అంకె చూస్తే భయం.

మర్నాడు కణాలు పెరిగాయి. పెరిగాయి గనక ఇంకో రోజు ఆగితే ఇంకా పెరుగుతాయని ఆవిడకు తోచింది. ఆ రోజంతా పెట్టె ముందు కాలు కాలిన పిల్లిలా తిరిగింది. తలుపు తీస్తే లోపలి వెచ్చదనం పోతుందని అందరికీ పాఠం చెప్పే మనిషి, రంగు మారిందేమో చూద్దామని తనే తీసింది. లెక్క కోసం ఉదయం కాస్త ద్రవం తీసింది, సాయంత్రం మళ్ళీ కాస్త తీసింది.

"లెక్కకని తీసేవి తీయకుండా వదిలేస్తే, అవే ఓ పిడికెడు అయ్యేవి," అన్నాడు తనిఖీ ఆయన తనలో తను అనుకుంటున్నట్టు.

మూడోసారి కూడా ఆవిడ అదే మాట అన్నాక వార్డు డాక్టరు ఫోను చేశాడు. ఈసారి కబుర్లు లేవు. అణిచిపెట్టిన జబ్బు కదులుతోంది, రక్తంలో చెడ్డ కణాలు మళ్ళీ కనబడుతున్నాయి అన్నాడు. మీరు పంపిస్తామన్నాకే నేను ఇక్కడ కణాలు ఎక్కించే ముందు ఇవ్వాల్సిన మందులు మొదలుపెట్టాలి, ఇప్పుడు ఆయనకు ఏదైనా అంటురోగం అంటుకుందంటే ఇక ఏమీ ఎక్కించలేం అన్నాడు.

"రేపు చెబుతాను," అంది డాక్టరమ్మ.

"మేడమ్, నిన్నా మీరు రేపనే అన్నారు," అని ఆయన పెట్టేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ వంటకు ఉపక్రమించలేదు. అత్తగారే ఏదో ఉడకబెట్టారు. దుంపలు దుంపల్లాగే ఉన్నాయి. ఆవిడ అన్నం ముందు కూర్చుని, "ఏమండీ, ఒకవేళ నేను పంపినవి చాలకపోతే?" అని భర్తను అడిగింది.

"చాలకపోతే ఏమవుతుంది?"

"ఆయన పోతాడు."

భర్త ఇంకేమీ ఏడిపించలేదు. అత్తగారు కూడా మాట్లాడకుండా కోడలి గ్లాసులో నీళ్ళు పోశారు. ఆ ఇంట్లో ఇద్దరూ ఒకేసారి నోరు మూసుకోవడం అరుదు.

మర్నాడు పొద్దున్న డాక్టరమ్మ మామూలు లెక్కతో పాటు, కణాల వయసు చూసే పరీక్ష కూడా చేసింది. కణాల మీద ఉండే గుర్తులకు రంగులు అంటించి, లేజరు వెలుతురు ముందు ఒక్కొక్కదాన్నే నడిపించి, ఏది పడుచుదో ఏది అలసిందో చెప్పే యంత్రం అది. తెర మీద చుక్కలు పడుతున్నాయి. పడుచు కణాలు ఉండాల్సిన మూల పల్చబడింది. అలసిన కణాలు ఉండే మూల చిక్కబడుతోంది. సరిగ్గా ఇలాంటి బొమ్మనే ఆవిడ ఆనాడు పెద్దల సమావేశంలో గోడ మీద వేసి, కర్రతో చూపించి, ఇలా చేయకండని చెప్పింది.

ఎవరో పాతకాలం మనుషులు మొండికేస్తున్నారని ఆవిడ ఇన్నేళ్ళూ దెప్పింది. ఇప్పుడు అదే పని తన చేతులతో తనే చేసింది, అదీ తన మొదటి రోగికి. సిగ్గుతో, కోపంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తనిఖీ ఆయన వెనకనుంచి తెర చూశాడు. ఎత్తిపొడిచే అవకాశం అంతకంటే మంచిది ఈ జన్మలో దొరకదు. ఆయన గొంతు సవరించుకుని, "ఇప్పటికీ ఎక్కువ భాగం బాగానే ఉన్నాయి మేడమ్. తీద్దామా?" అన్నాడు.

"తీసేద్దాం," అంది ఆవిడ.

పరీక్షలు అయ్యాయి, కణాలను గడ్డకట్టించి ఉంచారు, వార్డులో ముందు ఇవ్వాల్సిన మందులు ఇచ్చారు. ఎక్కించే రోజున చలిపెట్టెను వార్డుకు మోసుకెళ్ళాల్సింది ఇంకొకరు. డాక్టరమ్మ తానే తీసుకుని బయల్దేరింది. నియమం ఏమైందని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

డ్రైవరు మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. పెద్ద ఒళ్ళున్న మనిషి చిక్కిపోయినట్టు చొక్కా చెబుతోంది. పక్కన భార్య కుర్చీలో, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎవరో లేవమంటారేమో అన్నట్టు అంచున కూర్చుంది. వార్డు డాక్టరు చూస్తుండగా నర్సు కణాల సంచీని గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి, కొక్కేనికి తగిలించింది. అరచేతిలో ఇమిడిపోయేంత సంచీ.

"ఇంతేనా అండీ?" అంది భార్య.

"ఈ కాస్త పొట్లానికా ఇన్నాళ్ళు," అన్నాడు డ్రైవరు. గొంతు నీరసంగా ఉంది గానీ, మాటలో పదును తగ్గలేదు. "మా బస్సు కాస్త లేటైతే జనం మమ్మల్ని పట్టుకుని దులిపేస్తారు. మీ దగ్గర లేటైతే ఎవర్ని దులపాలి సార్?"

వార్డు డాక్టరు పరీక్షలనీ, పద్ధతులనీ ఏదో అందుకోబోయాడు. డాక్టరమ్మ ముందుకొచ్చింది.

"నన్నండీ. మీ కణాలు పెంచింది నేనే. అనుకున్న రోజుకే తయారయ్యాయి. పంపడానికి నాకే ధైర్యం చాల్లేదు. ఇంకా పెరుగుతాయి కదా అని ఆపాను. ఆపడం వల్ల కొన్ని అలిసిపోయాయి కూడా."

వార్డు డాక్టరు కిటికీలోంచి బయటికి చూడసాగాడు. భార్య మొహం బిగుసుకుంది. డ్రైవరు మాత్రం ఆవిడను ఎగాదిగా చూశాడు.

"నేనూ ఆపేవాణ్ణి లెండి," అన్నాడు. "ఎవరో దూరంగా పరిగెత్తుకొస్తుంటే, కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది. ఆయన ఎక్కేలోపు వెనకాల ఇంకొకాయన కనబడేవాడు. సర్లే, ఆయన్ని కూడా అనుకునేవాణ్ణి. లోపల కూర్చున్నవాళ్ళు తిట్టిపోసేవాళ్ళు."

"మీకు కోపం వచ్చేది కాదా?"

"ఎందుకొస్తుందమ్మా? వాళ్ళు అప్పటికే ఎక్కి కూర్చున్నారు కదా మరి."

సంచీ ఖాళీ కావడానికి ఎంతో సేపు పట్టలేదు. కణాలు పాడవకుండా కలిపే మందు వల్ల గదంతా వెల్లుల్లి వాసన వేసింది. నన్నెవరో వంటింట్లో పడేశారని డ్రైవరు గొణిగాడు. అప్పటికి భార్య మొహం కాస్త సడలింది.

ఆ తరవాత డాక్టరమ్మ అవస్థ చూసి జాలిపడాలో నవ్వాలో ఇంట్లోవాళ్ళకు తెలియలేదు. కణాలు ఇప్పుడు మనిషి లోపల ఉన్నాయి. మనిషికి మూత లేదు. గరిటె పెట్టి చూడటానికి వీల్లేదు. ఆవిడ వార్డుకు ఫోను చేసి, జ్వరం వచ్చిందా అని అడిగేది. రాలేదనేవాళ్ళు. కాసేపాగి మళ్ళీ అడిగేది. జ్వరం రాలేదంటే ఎవరైనా సంతోషిస్తారు గానీ ఈవిడేమిటి ఇలా దిగులుపడుతుందని నర్సు ముక్కున వేలేసుకుంది. కణాలు లోపల పోరాటం మొదలుపెడితే జ్వరం వస్తుంది. రాలేదంటే, అవి పనిచేయడం లేదేమోనని ఆవిడ భయం.

ఒకరోజు భోజనాల దగ్గర ఫోను మోగింది. ఆవిడ విని, పెట్టేసి, మొహం వెలిగిపోతుండగా, "జ్వరం వచ్చిందట అత్తయ్యా, బాగా వచ్చిందట," అంది.

అత్తగారు ముద్ద కంచంలో వదిలేశారు. "ఎవరికో జ్వరమొస్తే నవ్వే దాన్ని నిన్నే చూశాను," అన్నారు.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. జ్వరం మితిమీరింది. రక్తపోటు పడిపోయి డ్రైవరును ప్రత్యేక గదికి మార్చారు. మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాడు. భార్య పిలిస్తే పలకకుండా, దుప్పటి మీద చేత్తో గేరు కోసం తడుముకునేవాడట. తను నేర్పి పంపిన కణాలే ఆయన్ను చంపేస్తాయేమోనని డాక్టరమ్మ హడలిపోయింది. ఆ కణాల ఉడుకు తగ్గించే మందులు వార్డు డాక్టరు దగ్గర ఉన్నాయి. ల్యాబులో కూర్చున్న ఆవిడ చేయగలిగింది ఒక్కటీ లేదు. జీవితంలో మొదటిసారి ఆవిడ దేన్నీ ముట్టుకోకుండా కూర్చుంది.

ఆ రోజుల్లోనే డ్రైవరు రక్తం ఓ చిన్న గొట్టంలో ల్యాబుకు వచ్చింది, లోపల ఆ కణాలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టమని. ఆవిడ యంత్రంలో పెట్టింది. అంకె చూసి, యంత్రం పాడైందనుకుంది. శుభ్రం చేసి మళ్ళీ పెట్టింది. అదే అంకె వచ్చింది.

"యంత్రం బాగానే ఉంది మేడమ్," అన్నాడు తనిఖీ ఆయన.

ఆవిడ పట్టుబట్టి, నిద్ర మానుకుని, డ్రైవరు ప్రాణం మీదికి తెచ్చి మరీ పెంచిన ఆ కాసిని కణాలు లెక్కలోకే రానంతగా అవి పెరిగాయి. వందల రెట్లు. మూత తీసి చూసేవాళ్ళు లేరు, పోషక ద్రవం పోసేవాళ్ళు లేరు, ఇంకాస్త అనేవాళ్ళు లేరు. పిల్లలు పెద్దవాళ్ళై మన సాయం లేకుండా బతుకుతున్నారని తెలిసిన తల్లికి అయినట్టు, ముందు ఆవిడ మనసు చిన్నబుచ్చుకుంది. తరవాత అక్కడే స్టూలు మీద కూర్చుని, తనిఖీ ఆయన ఉన్నాడని కూడా చూసుకోకుండా ఏడ్చేసింది. ఆయన చేసేదేం లేక, నియమాల ప్రకారం ల్యాబులోకి తేకూడని చేతిరుమాలు జేబులోంచి తీసి ఇచ్చాడు.

జ్వరం దిగింది. డ్రైవరు ఓ పొద్దున్న కళ్ళు తెరిచి, భార్యను పేరు పెట్టి పిలిచి, ఆకలన్నాడు. కొన్ని వారాలకు ఎముక మూలుగ తీసి పరీక్ష చేశారు. చెడ్డ కణం ఒక్కటి కూడా కనబడలేదు. ఇప్పటికి కనబడలేదు అని వార్డు డాక్టరు జాగ్రత్తగా చెప్పాడు. ఇప్పటికి చాలండీ అంది భార్య.

డాక్టరమ్మ ఆ రోజు కూడా వార్డుకు వెళ్ళింది. డ్రైవరు బట్టలు మార్చుకుని, బూట్లు వేసుకుని, మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

"మీ ఒంట్లో అవి ఎంత పెరిగాయో తెలుసా అండీ," అంది ఆవిడ. "నేను రోజుల తరబడి కాపలా కాసి పెంచినదానికి వందల రెట్లు. నాకంటే మీరే బాగా పెంచారు."

డ్రైవరు భార్య వంక చూశాడు, డాక్టరమ్మ వంక చూశాడు.

"నేనేం పెంచానమ్మా," అన్నాడు. "ఒళ్ళు తెలీకుండా పడుకుని ఉన్నాను."